పక్కన కూర్చున్న మనిషి

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఏ వాడలోకైనా మధ్యాహ్నం పూట వెళ్ళండి. వేపచెట్టు కిందో, ఎవరింటి ముందరి రేకుల నీడలోనో ఐదారుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తుంటారు. చాటలో ఒక మూల తడిపి కత్తిరించిన తునికాకు, మరో మూల తంబాకు, పక్కనే దారం. ఆకు చేతిలోకి తీసుకుని, చిటికెడు తంబాకు పరిచి, వేళ్ళతో చుట్టి, మూతి మడిచి, దారం బిగించి చాటలో పడేస్తారు. చూపు చేతుల మీద ఉండదు, ఎదుటి మనిషి మొహం మీద ఉంటుంది. మాట ఆగదు, చెయ్యీ ఆగదు.

ఇందులో ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. వరి నాటు వేయాలంటే పదిమంది కావాలి. బీడీకి ఇంకొకరి చెయ్యి అవసరమే లేదు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఎవరి ఆకు వారిది, ఎవరి లెక్క వారిది. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని చేసుకుంటే ఇంకో నాలుగు కట్టలు ఎక్కువే అవుతాయేమో. అయినా ఇంటికి గొళ్ళెం పెట్టి, చాట చంకన పెట్టుకుని, నాలుగిళ్ళు దాటి వెళ్ళి మరీ ఇంకొకరి పక్కన కూర్చుంటారు.

ఊసుపోక అనుకోవడం తేలిక. కానీ ఆ నీడలో దొర్లే మాటలు వినండి. దుబాయిలో ఉన్నవాడు ఫోన్ చేసి ఎన్నాళ్ళయింది, పీఎఫ్ కాగితం కోసం కార్ఖానాలో ఎవరిని పట్టుకోవాలి, పెద్దపిల్లకు ఇంటర్‌లో ఏ గ్రూపు ఇప్పించాలి, కరీంనగర్‌లో ఏ డాక్టరు చెప్పింది వింటాడు, ఏ డాక్టరు వినకుండానే చీటీ రాస్తాడు. ఒంటరిగా తేల్చుకోలేని సంగతులు అక్కడ నలుగురి మధ్య తేలుతుంటాయి.

బీడీ పనిని అందంగా చూపించడం నా ఉద్దేశం కాదు. తంబాకు ధూళి ఊపిరితిత్తులను, రోజంతా వంగి కూర్చోవడం నడుమును ఏం చేస్తాయో ఆ వాడల్లో అందరికీ తెలుసు. పక్కన ఎంతమంది కూర్చున్నా కూలి రేటు పెరగదు కూడా. ఈ అధ్యాయంలో మనం వెతికేది వేరు. పక్కన ఒక మనిషి ఉంటే మన ఒంట్లో ఏం మారుతుంది? మన మీద మనకుండే నమ్మకంలో ఏం మారుతుంది?

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ఆత్మవిశ్వాసాన్ని ఎవరికి వాళ్ళు లోపల్నుంచి పుట్టించుకోమంటాయి. పొద్దున్నే అద్దం ముందు నిలబడి 'నేను చేయగలను' అని పదిసార్లు అనుకోమంటాయి. గత 50 ఏళ్ళ పరిశోధన ఎక్కువగా వెతికింది మాత్రం అద్దంలో కాదు, అటూ ఇటూ.

1965లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు అలమీడా కౌంటీలో దాదాపు 7 వేల మంది పెద్దవాళ్ళ వివరాలు రాసుకున్నారు. పెళ్ళయిందా, బంధుమిత్రులను కలుస్తుంటారా, చర్చికి వెళ్తారా, ఏదైనా సంఘంలో సభ్యులా వంటి ప్రశ్నలు అందులో ఉన్నాయి. 9 ఏళ్ళ తర్వాత ఎవరు బతికి ఉన్నారు, ఎవరు పోయారు అని చూశారు. ఆ లెక్కలను లీసా బెర్క్‌మన్, లెనార్డ్ సైమ్ 1979లో ప్రచురించారు. సంబంధాలు తక్కువగా ఉన్నవాళ్ళే ఎక్కువగా చనిపోయారు. సిగరెట్టు, మద్యం, ఆదాయం వంటివాటిని పక్కకు తీసి చూసినా ఆ తేడా పోలేదు. 2010లో జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ బృందం ఇలాంటి 148 అధ్యయనాలను, వాటిలోని 3 లక్షల 8 వేలకు పైగా మనుషుల వివరాలను ఒకచోట చేర్చింది. బలమైన సంబంధాలున్నవాళ్ళు అధ్యయనం ముగిసేనాటికి బతికి ఉండే అవకాశం, లేనివాళ్ళ కంటే 50 శాతం ఎక్కువని తేలింది.

గడుసు పాఠకులు ఇక్కడే అడ్డం తగలాలి. ఒంట్లో బాగున్నవాడే కదా నలుగురిలో తిరిగేది? మంచాన పడ్డవాడికి స్నేహాలెక్కడివి? ఏది కారణం, ఏది ఫలితం? న్యాయమైన ప్రశ్నే. అందుకే 1990ల్లో షెల్డన్ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాస్త మొండి పని చేశాడు. ఆరోగ్యంగా ఉన్న 276 మందిని పిలిచి, వాళ్ళకు ఎన్ని రకాల సంబంధాలున్నాయో ముందే రాసుకుని, ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేయించాడు. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పనిచోట తోటివాళ్ళు, ఇరుగుపొరుగు, సంఘాలు ఇలా మొత్తం 12 రకాలు. మూడు లేక అంతకంటే తక్కువ రకాల సంబంధాలున్నవాళ్ళకు జలుబు చేసే ప్రమాదం, ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్ళతో పోలిస్తే 4 రెట్లు దాటింది. రకాలు అన్న మాట గమనించండి. ఒక్క ఇంట్లోనే పదిమంది చుట్టాలున్నా అది కొద్ది రకాల కిందికే వస్తుంది. ఇల్లు, పొలం, సంఘం, భజన మండలి అన్నీ ఉన్న మనిషికి లెక్క వేరు.

ఒంట్లో ఏం జరుగుతుందో 2006లో జేమ్స్ కోన్ బృందం ఇంకొంచెం దగ్గర్నుంచి చూసింది. 16 మంది వివాహిత స్త్రీలను ఒక్కొక్కరిగా మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, కాలి చీలమండకు చిన్న కరెంటు షాకు తగలవచ్చని హెచ్చరించారు. ఒకసారి భర్త చెయ్యి పట్టుకోనిచ్చారు, ఒకసారి ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి, ఒకసారి ఎవరి చెయ్యీ లేదు. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు ఆపదకు స్పందించే మెదడు భాగాల హడావిడి బాగా తగ్గింది. తెలియని మనిషి చెయ్యి పట్టుకున్నా కొంత తగ్గింది. కాపురం ఎంత సఖ్యంగా ఉంటే అంత ఎక్కువ తగ్గిందని కూడా చూశారు. ఆపద అనుకున్నప్పుడల్లా మెదడు ఒళ్ళంతటికీ కబురు పెడుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, కార్టిసాల్ అనే హార్మోను ఊరుతుంది. కాసేపటికైతే మంచిదే. నెలల తరబడి సాగితే నిద్ర చెడుతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. పక్కన తన మనిషి ఉంటే మెదడు ఆ బరువంతా తన ఒక్కదాని మీదే ఉందనుకోదని కోన్ వాదన.

ఇది ఒంటి సంగతి. ధైర్యం సంగతికి వద్దాం.

ఆల్బర్ట్ బండూరా 1977లో, మనిషికి 'ఇది నా వల్ల అవుతుంది' అన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో నాలుగు దారులు చెప్పాడు. తాను స్వయంగా ఒక పని చేసి నెగ్గడం మొదటిది, అన్నిటికంటే బలమైనది. తనలాంటి మనిషి ఆ పని చేస్తుంటే చూడటం రెండోది. నమ్మకమున్నవాళ్ళు 'నీ వల్ల అయితది' అనడం మూడోది. గుండె దడను, చేతుల వణుకును తాను ఎలా అర్థం చేసుకుంటున్నాడన్నది నాలుగోది. రెండూ మూడూ అచ్చంగా ఇతరుల నుంచి వచ్చేవే. మొదటిదానికీ చాలాసార్లు ఎవరో ఒకరు అవకాశం ఇవ్వాలి. నా దృష్టిలో వీటన్నిటిలోకీ మనం పట్టించుకోనిది 'తనలాంటి' అన్న మాట. కలెక్టరు వచ్చి స్టేజీ మీద ధైర్యం చెబితే చప్పట్లు కొడతాం. పక్కింటామె బ్యాంకులో ఫారం నింపి, మేనేజరుతో మాట్లాడి వస్తే, మర్నాడు మనమూ పోతాం.

దీన్ని మన దేశంలోనే పరీక్షించి చూశారు. అహ్మదాబాద్‌లో సేవా బ్యాంకు ఖాతాదారులైన ఆడవాళ్ళలో కొందరిని లాటరీ పద్ధతిలో ఎంచి, వ్యాపారం ఎలా చేయాలో రెండు రోజుల శిక్షణకు రమ్మన్నారు. వాళ్ళలో మళ్ళీ లాటరీ తీసి కొందరికి 'స్నేహితురాలిని కూడా తీసుకురండి' అన్నారు. శిక్షణ ఒకటే, రోజులూ అవే. 2016లో ప్రచురించిన ఫలితం చూస్తే, వ్యాపారం పుంజుకున్నది స్నేహితురాలితో వచ్చినవాళ్ళదే. రుణం తీసుకున్నదీ, ఇంటి ఆదాయం పెంచుకున్నదీ వాళ్ళే. ఒంటరిగా వచ్చి విన్నవాళ్ళ జీవితంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఆడవాళ్ళ రాకపోకల మీద కట్టుబాట్లు ఎక్కువున్న కుటుంబాల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ కనిపించింది. శిక్షణ తరగతులకు కోట్లు ఖర్చుపెట్టే శాఖలు ఈ ఒక్క ఫలితం గోడకు అంటించుకుంటే బాగుండేది.

కోల్‌కతా ప్రయోగం ఇంకా చిత్రం. అక్కడి సూక్ష్మరుణ గ్రూపుల్లో కొన్నిటిని వారానికోసారి, కొన్నిటిని నెలకోసారి కలిసి వాయిదా కట్టమన్నారు. రెండో రుణం నాటికి అందరికీ ఒకే పద్ధతి పెట్టారు. దాదాపు రెండేళ్ళ తర్వాత కూడా, మొదట్లో వారం వారం కలిసినవాళ్ళే ఒకరింటికి ఒకరు ఎక్కువగా వెళ్ళివస్తున్నారు. రెండో రుణం ఎగ్గొట్టే అవకాశం వాళ్ళలో చాలా తక్కువ. ఎవరూ వాళ్ళకు స్నేహం చేయమని చెప్పలేదు. ఎక్కువసార్లు ఒకచోట కూర్చోబెట్టారు, అంతే.

ఈ సంగతి పరిశోధన పత్రాల్లోకి ఎక్కక ముందే ఉత్తర తెలంగాణ ఆడవాళ్ళకు అనుభవంలో ఉంది. భీమదేవరపల్లి మండలం ముల్కనూరు ఇప్పుడు హన్మకొండ జిల్లాలో ఉంది గానీ, 2016లో జిల్లాలు మారేదాకా అది కరీంనగర్ ఊరే. అల్గిరెడ్డి విశ్వనాథరెడ్డి చొరవతో 1956లో అక్కడ మొదలైన రైతుల సహకార సంఘం దేశమంతటా పేరు తెచ్చుకుంది. ఆడవాళ్ళ పొదుపు సంఘాలు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో 1990ల్లో లేచాయి. హైదరాబాదులోని సహవికాస సంస్థ తోడు నిలిచింది. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చాక, సర్కారు వాటా ధనం లేకుండా, సర్కారు పెత్తనం లేకుండా సొంతంగా నడిచే వీలు దొరికింది. ఆ పొదుపు సంఘాల ఆడవాళ్ళ నుంచే మహిళా డెయిరీ పుట్టింది. దాని పాల పేరు స్వకృషి. సభ్యులూ ఆడవాళ్ళే, పాలకవర్గమూ ఆడవాళ్ళే.

పాల సంఘాలు దేశంలో కొల్లలు. అయితే బర్రెకు గడ్డి వేసేది, పేడ ఎత్తేది, పాలు పిండేది ఆడది. పుస్తకంలో పేరు మాత్రం చాలాచోట్ల మగవాడిది, పాలబిల్లు అతని చేతికి. ముల్కనూరులో ఆ పేరు మారింది. పొద్దున, సాయంత్రం పాల కేంద్రం దగ్గర వరసలో నిలబడి, పాలు కొలిపించి, వెన్న శాతం చూపించుకుని, తన పుస్తకంలో తన పేరు కింద రాయించుకుంటుంది. శాతం తగ్గితే ఎందుకు తగ్గిందని నిలదీస్తుంది. వరసలో ముందూ వెనకా ఉన్నవాళ్ళు ఆ మాట వింటారు. రేపు వాళ్ళూ అడుగుతారు. బండూరా చెప్పిన రెండో దారి ఈ వరసలో రోజుకు రెండుసార్లు తెరుచుకుంటుంది.

వేలాది ఊళ్ళకు పాకిన స్వయం సహాయక సంఘాల్లోనూ ఇదే పద్ధతి పనిచేసింది. 1982లో డ్వాక్రాతో మొదలై, 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడ్డాక వెలుగు, ఇందిరా క్రాంతి పథం పేర్లతో విస్తరించిన కథ తెలిసిందే. ఆ సంఘాలకు నేర్పే పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పని సమావేశం. పొదుపు, అప్పు, తిరిగి కట్టడం, పుస్తకాల నిర్వహణ దాని తర్వాతే. జంపఖానా పరిచి గుండ్రంగా కూర్చుంటారు. ఎవరి పేరు వాళ్ళు చెప్పాలి. ఊళ్ళో అందరికీ ఫలానావాని భార్యగానో, ఫలానా పిల్లగాని తల్లిగానో తెలిసిన మనిషికి ఆ పేరు పలకడమే మొదట్లో గండం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్కామెను చెప్పమంటుంది. తర్వాత పొదుపు డబ్బు లెక్క, అప్పు ఎవరికి ఇవ్వాలన్న చర్చ, తీర్మానం, సంతకం. ఏడాది తిరిగేసరికి ఆమే, "పోయినసారి ఆమెకిచ్చిండ్రు, ఈసారి నాకియ్యాలె, నా బిడ్డ ఫీజుంది" అని వాదిస్తుంది. ఈ మధ్యలో ఆత్మవిశ్వాసం మీద ఆమెకు ఎవరూ క్లాసు పీకలేదు. మీటింగు మీటింగుకూ ఆమె వంతు వచ్చింది, ఆమె మాట్లాడక తప్పలేదు, మాట్లాడినందుకు కొంప మునగలేదు. రెండుసార్లు రాకపోతే ఎవరో ఒకరు గడప దగ్గరికి వచ్చి, "ఏందక్కా, రెండు మీటింగులసంది వస్తలేవు, పానం మంచిగ లేదా?" అని అడిగారు. ఆ అడగడం కోసమే సంఘాలు ఉండాలని నేనంటాను. రుణం బ్యాంకు కూడా ఇస్తుంది.

గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు పోతే, సంఘం రిజిస్టర్లు రాకముందు నుంచే ఈ ఏర్పాటు పండగ రూపంలో ఉంది. దీపావళి ముందు రోజుల్లో గోండుల దండారి బృందాలు ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి అతిథులుగా వెళ్తాయి. ముందు గుస్సాడీలు: తలమీద నెమలి ఈకల పెద్ద టోపీ, ఒంటికి బూడిద, భుజాన జంతుచర్మం, చేతిలో సోటా అనే కర్ర. ఆతిథ్యమిచ్చే గూడెం ఎదురొచ్చి తీసుకెళ్తుంది, అన్నం పెడుతుంది, రాత్రంతా ఆట సాగుతుంది. వచ్చినవాళ్ళకు మళ్ళీ ఎదురు ఆతిథ్యం బాకీ ఉంటుంది. పెళ్ళి సంబంధాల మాటలూ ఆ రాకపోకల్లోనే కదులుతాయి. మార్లవాయికి చెందిన కనక రాజు ఈ ఆటను 1981 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆడించారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 అక్టోబరులో కన్నుమూశారు.

గుస్సాడీ సోటా తాకితే జబ్బు పోతుందని నమ్మకం. సోటా గురించి సైన్సు చెప్పేదేమీ లేదు గానీ, కలిసి అడుగు వేయడం గురించి కొంత చెప్పగలదు. 2010లో ఆక్స్‌ఫర్డ్ పడవ పందేల బృందంతో ఒక ప్రయోగం చేశారు. అదే శ్రమను ఒంటరిగా చేసినప్పటి కంటే అందరూ కలిసి ఒకే లయలో చేసినప్పుడు, వాళ్ళు నొప్పిని ఎక్కువ ఓర్చుకోగలిగారు. 2015లో బ్రెజిల్ విద్యార్థులతో నాట్యం చేయించి చూస్తే, ఒకే లయలో కదలడం వల్ల నొప్పి ఓర్పూ పెరిగింది, తోటివాళ్ళ మీద దగ్గరితనమూ పెరిగింది. మెదడులో ఊరే ఎండార్ఫిన్లు ఇందుకు కారణమని పరిశోధకుల అంచనా. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టే ఆడవాళ్ళను ఈ లెక్కన ఎవరైనా కొలిస్తే చూడాలని నాకుంది.

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతరలో ఇంకొకటి ఉంది. మెస్రం వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్ళు తెల్లచీరలు కట్టుకుని, పెద్దలకూ దేవుడికీ పరిచయమవుతారు. దాన్ని భేటింగ్ అంటారు. అది జరిగాకే ఆ పిల్ల పూర్తిగా వంశంలో మనిషి. ఎన్ని వేల మంది వచ్చినా మెస్రం వంశస్థుల వంట 22 పొయ్యిల మీదే. కొత్తకోడలికి తన పొయ్యి ఏదో ఆ రాత్రికి తెలుస్తుంది. అత్తగారింట ఎవరికీ ఏమీ కాని మనిషిగా నెలల తరబడి మూల కూర్చునే పెళ్ళికూతుళ్ళున్న మన మైదాన ప్రాంతాలు దీన్నించి నేర్చుకోవచ్చు.

మార్క్ లీరీ అనే శాస్త్రవేత్త 1990ల్లో ఆత్మగౌరవం గురించి ఒక మాట అన్నాడు. అది బండి మీది పెట్రోలు ముల్లు లాంటిదట. నలుగురూ నన్ను తమలో ఒకరిగా లెక్కేస్తున్నారా లేదా అన్నదాన్ని చూపించడమే దాని పని. ముల్లును వేలితో పైకి జరిపితే ట్యాంకు నిండదు. అద్దం ముందు చెప్పుకునే మాటలు ఎందుకు మధ్యాహ్నానికే ఆవిరైపోతాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ముల్లు కిందికి పడినా నిజమే చెబుతుంది. జగిత్యాల, నిర్మల్, నిజామాబాద్ వైపు గ్రామాభివృద్ధి కమిటీలు మాట వినని కుటుంబాన్ని, ఒక్కోసారి మొత్తం ఒక కులాన్ని, ఊరి నుంచి వెలివేసిన ఉదంతాలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. దుకాణంలో సామాను అమ్మవద్దు, పనికి పిలవవద్దు, మాట్లాడితే జరిమానా. చట్టంలో ఈ కమిటీలకు ఏ అధికారమూ లేదు. అయినా ఆ శిక్ష అంత గట్టిగా తగలడానికి కారణం ఉంది. 2003లో నవోమీ ఐజెన్‌బర్గర్ బృందం కంప్యూటర్ మీద ముగ్గురు బంతి విసురుకునే ఆట పెట్టి, మధ్యలో ఒకరికి బంతి రాకుండా చేసింది. ఒంటికి దెబ్బ తగిలినప్పటి బాధలో చురుగ్గా ఉండే మెదడు భాగమే అప్పుడూ చురుగ్గా కనిపించింది. బంతి ఇవ్వనిది మనిషి కాదు, కంప్యూటరు అని ముందే చెప్పినా మనసు చిన్నబోతుందని తర్వాతి ప్రయోగాలు చూపాయి. కంప్యూటరు వెలివేస్తేనే ఇలా ఉంటే, పుట్టిన ఊరు వెలివేస్తే?

సంఘాలకూ ఈ చీకటి కోణం ఉంది. 2010 నాటికి ప్రైవేటు సూక్ష్మరుణ కంపెనీలు ఇదే గ్రూపు బలాన్ని వసూలు కర్రగా వాడుకున్నాయి. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు ఆమె గడప ముందు కూర్చోవాలి. ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కళ్ళెం వేసేదాకా అది ఎన్ని ఇళ్ళను కూల్చిందో ఊళ్ళకు తెలుసు. రెండు మీటింగులసంది వస్తలేవని అడిగిన నోరే, రెండు వాయిదాలు బాకీ ఉన్నావని అరిచింది. ఇంకో లోపం కూడా చెప్పాలి. సంఘాలు చాలాచోట్ల వాడల వారీగా, అంటే దాదాపు కులాల వారీగా ఏర్పడ్డాయి. వాడ దాటి కలిసే చోటు గ్రామ సంఘమే. అక్కడ కుర్చీలు ఎలా వేస్తున్నారో, చాయ్ ఏ గ్లాసుల్లో ఇస్తున్నారో చూస్తే ఆ ఊళ్ళో సంఘం ఎంతవరకు పనిచేసిందో తెలుస్తుంది.

ఇంతా చేసి ఈ కథలో మగవాడు ఎక్కడ? ఆడవాళ్ళకు సంఘముంది, బతుకమ్మ ఉంది, రేకుల నీడ ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్ళ నుంచి వేలమంది మగవాళ్ళు గల్ఫ్‌కు పోయి, లేబర్ క్యాంపుల్లో ఏళ్ళకేళ్ళు గడిపి, యాభై దాటాక తిరిగొస్తారు. కొత్తిల్లు ఉంటుంది. పెరిగిన పిల్లలకు తండ్రి వీడియో కాల్‌లోని మనిషి. తోటివాళ్ళు సగం మంది ఊళ్ళో లేరు. మిగిలింది కల్లు దుకాణం, ఎన్నికలప్పుడు మాత్రం గుర్తొచ్చే కులసంఘం. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దాని వల్ల ఏటా 8 లక్షల 71 వేల మరణాలు. వయసు మళ్ళిన అమ్మానాన్నలను, వెనక్కి వచ్చిన గల్ఫ్ కార్మికులను ఆ లెక్కలో చూడటం మనకింకా అలవాటు కాలేదు.

ఇందుకు పెద్ద పథకమేదీ అక్కర్లేదు. మీ ఊళ్ళో గ్రామ సంఘం భవనం ఉంటే, నెలలో ఒక ఆదివారం సాయంత్రానికి దాని తాళం అడిగి తీసుకోండి. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళను, ఇంటి దగ్గర ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళను పేరు పెట్టి పిలవండి. ఒక్కడే రాలేనన్నవాణ్ణి ఇంకొకరిని వెంటబెట్టుకుని రమ్మనండి. ఉపన్యాసం పెట్టకండి. వచ్చినవాళ్ళు ముగ్గురే అయినా, వచ్చే నెల తేదీ మాత్రం మార్చకండి.